పదకొండు అడుగుల అలగు

మా ఆయనకు సుగరు లేదు, బీపీ లేదు. యాభై రెండేళ్ళ వయసులో, తిరుత్తణి బజారులో లుంగీల దుకాణంలో పొద్దస్తమానం కూర్చునే మనిషికి ఇంత ఆరోగ్యం ఉండటం నేను చేసిన పూజల ఫలమని అనుకునేదాన్ని. అది ఎంత పెద్ద ఇబ్బందో ఆయన తణికై సేవా మిత్రుల సంఘానికి అధ్యక్షుడయ్యాక గానీ తెలియలేదు.

సంఘం అంటే మరీ పెద్దదేమీ కాదు. నలభై మంది సభ్యులు. ఎండాకాలంలో బస్టాండు దగ్గర మజ్జిగ పోస్తారు. బళ్ళు తెరిచినప్పుడు నోటు పుస్తకాలు పంచుతారు. తమిళ లెక్కన ఆడి నెలలో రక్తదాన శిబిరం పెడతారు. ఏది చేసినా చివర్న అందరూ కూర్చుని భోంచేస్తారు. దాన్ని ఫెలోషిప్ అంటారు. ఫెలోషిప్‌లో బిరియానీ మెత్తబడితే ఆ రోజు చేసిన సేవ కూడా సరిగ్గా కుదరలేదని వాళ్ళ నమ్మకం.

ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. రక్తదాన శిబిరంలో మొదటి మంచం అధ్యక్షుడిది. ఆయన ఇచ్చాకే మిగతావాళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఆచారం ఉంది గానీ, పంతొమ్మిది మంది అధ్యక్షుల్లో ఆ మంచం మీద పడుకున్నవాడు ఒక్కడూ లేడు. ఒకరికి సుగరు, ఒకరికి బీపీ, ఒకరికి గుండెలో స్టెంటు. హార్డ్‌వేర్ షాపు తణికాచలం అన్నకు తాను అధ్యక్షుడుగా ఉన్న ఏడు ఈ మూడూ ఉండేవి. ఆయన ఆ మంచానికి ఒక దండం పెట్టి, దానికి పూలమాల వేసి పక్కకు జరిగాడు. అందరూ అయ్యో పావం అన్నారు. ఆ పూట బిరియానీ బాగా తిన్నాడని కూడా అన్నారు.

మా ఆయన దగ్గర చూపించడానికి ఒక్క జబ్బూ లేదు. పైగా మణవాళనగర్ సంఘం అధ్యక్షుడు నవ్వుతూ రక్తం ఇస్తున్న ఫొటో జిల్లా సంఘాల పత్రికలో అరపేజీ వచ్చింది. అరవై ఒక్క యూనిట్లని కింద రాశారు. మా సంఘం కార్యదర్శి మురళీధరన్ ఆ పేజీ పట్టుకుని నేరుగా మా దుకాణానికి వచ్చాడు. అతనిది ఫొటో స్టూడియో, దాని పక్కనే ఫ్లెక్సులు అచ్చు వేసే షాపు. ఊళ్ళో ఏ పని జరిగినా అది ఫ్లెక్సుగా మారేదాకా అతనికి నిద్ర పట్టదు.

"పంతొమ్మిదేండ్లుగా మంచి ఆరోగ్యముండే అధ్యక్షుడు ఒకరన్నా దొరకలేదన్నా. ఇప్పటికి మీరు దొరికినారు," అన్నాడంట.

అతను దొరికినారు అన్న మాటే నిజం. మా ఆయన నిజంగానే దొరికిపోయాడు. ఎందుకంటే ఆయనకు సూదంటే భయం. మామూలు భయం కాదు. కానీ ఆ సంగతి నాకు ఇరవై ఆరేళ్ళ కాపురంలో తెలియదు. తెలియకపోవడానికి కారణం మా హాల్లో గోడ మీద ఉంది.

అది పెళ్ళికి ముందటి ఫొటో. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆడి నెలలో వచ్చే మురుగన్ పండగ ఆడికృత్తికకు కావడి ఎత్తినప్పుడు మురళీధరన్ వాళ్ళ నాన్న తీశాడు. పసుపు పంచె, ఒళ్ళంతా విభూతి, ఒక చెంపలోంచి దూరి రెండో చెంపలోంచి బయటికొచ్చిన అడుగున్నర శూలం. దాన్నే మా వైపు అలగు అంటారు. ఊళ్ళో సైకిల్ షాపు ద్వారకనాథ్ అని ఇంకొకాయన ఉన్నాడు కనక, ఆ రోజు నుంచీ మా ఆయన పేరు అలగు ద్వారకనాథ్ అయిపోయింది. కరెంటు బిల్లు మీద తప్ప అన్నిచోట్లా అదే పేరు. మా అమ్మ వళ్ళియమ్మ ఆ ఫొటో చూసే పిల్లనిచ్చిందని మా చుట్టాలందరూ చెప్పుకుంటారు. అలగు గుచ్చితే రక్తం రాదు, మచ్చ నిలవదు అని పెద్దవాళ్ళ మాట. ఆయన చెంపలు నున్నగా ఉండటం మురుగన్ మహిమ అని నేను నమ్ముతూ వచ్చాను.

అలాంటి మనిషి ఒక రోజు అన్నం ముందు కూర్చుని, తనకెప్పుడైనా కామెర్లు వచ్చాయా అని నన్ను అడిగాడు. రాలేదన్నాను. మలేరియా? అది మా అమ్మకు వచ్చిందన్నాను. నీకు సరిగ్గా గుర్తుండదులే అని విసుక్కున్నాడు. ఆయన ఒళ్ళో తిరువళ్ళూరు నుంచి రక్తం తీసుకోవడానికి వచ్చేవాళ్ళు పంపిన కాగితం ఉంది. ఎవరెవరి దగ్గర రక్తం తీసుకోరో అందులో వరసగా రాసి ఉంది.

ఆ తర్వాతి పది రోజులు ఆయన చేసిన పనులకు అర్థం నాకు ఆలస్యంగా తెలిసింది. పచ్చబొట్టు పొడిపించుకుంటే ఏడాది దాకా రక్తం తీసుకోరు. అందుకని జబ్బ మీద చిన్న వేలాయుధం పొడిపించుకుందామని పోయి, ఆ మిషను కొసన ఉన్నదేమిటో చూసి, ఛార్జి ఎక్కువ చెప్పాడని తిరిగి వచ్చేశాడు. పన్ను పీకించుకుంటే ఆరు నెలలు. కానీ పన్ను పీకాలంటే ముందు చిగురుకు సూది వెయ్యాలి. కుక్క కరిచినా ఏడాది. మా వీధి మూల నల్లకుక్క ముందు రెండు రోజులు తచ్చాడాడు. అది తోక ఊపింది. ఆ తర్వాత గుర్తొచ్చింది, కుక్క కరిస్తే ఒకటి కాదు, నాలుగు సూదులని. సుగరు ఉందేమో చూపించుకుందామంటే దానికీ సూదే. సూదిని తప్పించుకునే దారులన్నీ సూది గుండానే పోతున్నాయి. ముందురోజు మందు తాగినవాళ్ళను కూడా తీసుకోరు. సూది లేని దారి అదొక్కటే. కానీ మా ఇంట్లో మా అమ్మ ఉంది.

చివరికి ఆ కాగితం అడుగున ఆయనకు కావలసింది దొరికింది. ఉపవాసం ఉన్నవాళ్ళ దగ్గర రక్తం తీసుకోరు.

ఆడి నెల మొదటి రోజు పొద్దున పసుపు పంచె కట్టుకుని, మెడలో మాలతో ఇంటికి వచ్చాడు. మాల వేసింది ధర్మలింగం మామ. ఆయన మా అమ్మకు పెద్దమ్మ కొడుకు. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఊళ్ళో కావడి ఎత్తేవాళ్ళకు మాల వేసేదీ, అలగు గుచ్చేదీ, ముందు నడుస్తూ పంబ వాయించేదీ ఆయనే. మొక్కు తీరేదాకా ఒంటిపూట భోజనం, అదీ సాయంత్రం దీపం పెట్టాకే అని మా ఆయన చెప్పాడు. శిబిరం ఆదివారం పొద్దున. కృత్తిక ఆ తర్వాత గురువారం. ఎంత కుదురుగా కుదిరిందో అని ఆయన ముఖమే చెప్పింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత గురక పెట్టి నిద్రపోయాడు.

మర్నాడు సంఘం మీటింగులో విషయం తెలియగానే మురళీధరన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడంట. రక్తం ఇవ్వలేరని అతనేమీ బాధపడలేదు. అలగు ద్వారకనాథ్ అన్న ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ మాల వేశాడంటే మళ్ళీ అలగే కదా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన పూల కావడి అని ఏదో అనబోయాడు గానీ చప్పట్లలో ఎవరికీ వినిపించలేదు.

సంఘం అప్పటికి రెండేళ్ళుగా ఒక ఐస్ పెట్టె కొనాలని చూస్తోంది. ఊళ్ళో ఎవరైనా పోతే చుట్టాలు వచ్చేదాకా శవాన్ని ఉంచడానికి దాన్ని తిరువళ్ళూరు నుంచి తెప్పించుకోవాలి. చందా అడిగితే షాపులవాళ్ళు ఇంకా ఎవరూ పోలేదు కదా అంటున్నారు. ఆ మీటింగులో తణికాచలం అన్న లేచి, ఈసారి అలగు ఎన్ని అడుగులని అడిగాడు. మా ఆయన నోరు తెరిచేలోగా, అందులో తన తరఫున రెండడుగులు అన్నాడు. అంతే. మురళీధరన్ బుర్రలో ఫ్లెక్సు వెలిగింది.

మర్నాటినుంచి అడుగుకు ఇంతని ఐస్ పెట్టెకు చందా. పాత్రల షాపు దేవేంద్రన్ ఒక అడుగు. మిఠాయి షాపు అరుణాచలం ఒక అడుగు. మా దుకాణానికి ఎదురుగా ఉండే లుంగీల షాపతను, ఇరవై ఏళ్ళుగా మా ఆయనతో మాట్లాడనివాడు, పిలవకుండానే వచ్చి ఒక అడుగు ఇచ్చి పోయాడు. వారం తిరిగేసరికి పది మంది దగ్గర పదకొండు అడుగులు జమ అయ్యాయి. అడుగు పెరిగినప్పుడల్లా మురళీధరన్ ఫ్లెక్సు మీద కొత్త అంకె అతికించాడు. పదకొండు అడుగుల అలగును అటూ ఇటూ పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. దానికి సభ్యులు పోటీ పడ్డారు. మధ్యలో నిలబడడానికి మాత్రం పోటీ లేదు.

మా అమ్మను కూడా అడిగారు. "నేను చూసి ఇస్తాలే," అంది. అల్లుడి కోసం ఒక అడుగు ఇవ్వలేదని నాకు చిన్నతనంగా అనిపించింది.

శుక్రవారం పొద్దున మురళీధరన్ మనిషిని పంపాడు, కొత్త ఫ్లెక్సుకు పాత ఫొటో కావాలని. నేను దాన్ని గోడ మీంచి దించి తుడుస్తున్నాను. ఆయన వచ్చి నా చేతిలోంచి తీసుకుని, బోర్లా తిప్పి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇది ఇవ్వొద్దు కృష్ణమ్మా."

"ఎందుకని? చెంప బాగా కనబడుతుండాది కదా."

"చెంపలో ఏమీ లేదు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఆ రోజు పంబ వాయిస్తుండగా, నిమ్మకాయ కోసి, ధర్మలింగం మామ శూలం చేతిలోకి తీసుకునేదాకా బాగానే ఉన్నాడంట. దాని మొన మీద ఎండ తళుక్కుమంది. తర్వాత ఏమీ తెలియదు. కళ్ళు తెరిచేసరికి చెంపలకు అటొక సగం ఇటొక సగం శూలం ఉన్నాయి. రెండిటినీ కలిపేది నోటి మూలల్లోంచి లోపలికి పోయే, పళ్ళతో కరిచి పట్టుకునే ఒక క్లిప్పు. ధర్మలింగం మామ చెవిలో, నోరు తెరవద్దు, నడువు అన్నాడంట. నడిచాడు. ఫొటో తీశారు. సాయంత్రానికి పేరు పెట్టేశారు.

"ఆ క్లిప్పు తీయమని ఎవురూ అడగలే. నేనూ తీయలే," అన్నాడు మా ఆయన. "ఇప్పుడు పదకొండు అడుగులయింది. దానికి క్లిప్పు యాడ దొరుకుతుంది చెప్పు."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. తర్వాత కోపం వచ్చింది, ఇరవై ఆరేళ్ళు నాకు చెప్పలేదని. ఆయన ముఖం చూస్తే అదీ పోయింది. వారం రోజులుగా సరిగ్గా తిండి లేక బుగ్గలు లోపలికి పోయాయి. నిజంగా ఎవరో గుచ్చినట్టే ఉన్నాయి.

"నిజం తెలిస్తే ఈ ఊళ్ళో ఎట్ల తిరిగేది? దుకాణం బోర్డు మీద కూడా అదే పేరు కదా."

పేరు పోకూడదు, చెంప చిల్లు పడకూడదు. రెండూ కావాలంటే కుదరదని ఆయనకూ తెలుసు. నేను చెప్పులేసుకుని ధర్మలింగం మామ ఇంటికి పోయాను.

మామ వాకిట్లో కూర్చుని పంబ తోలు బిగిస్తున్నాడు. నేను విషయం ఎత్తినా చేతులు ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదని అడిగాను. మొగుడి భయం పెళ్ళానికి చెప్పడం తన పని కాదన్నాడు. మాల వేయించుకోవడానికి వచ్చినప్పుడే ఇది భక్తి కాదని తెలుసంట. మరెందుకు వేశావంటే, భయంతో వచ్చినవాడిని మురుగన్ వెనక్కి పంపుతాడా అన్నాడు.

"ఇప్పుడేం దారి మామా?"

"మొక్కు మార్చుకోవచ్చు," అన్నాడు. "దాని బదులు ఇంకోటి. అయితే ఒకటే కట్టడి. ఏ నలుగురి ముందర మొక్కినాడో ఆ నలుగురి ముందరే మార్చినానని నోటితో చెప్పాల. ఎందుకు మార్చినాడో అదీ చెప్పాల."

"అలగు బదులు ఏమి మొక్కేది?"

మామ ఈసారి తల ఎత్తాడు. "ఆదివారం మంచాలు వేస్తాండారు కదా. అలగుకు రక్తం రాకూడదు, అది దాని లెక్క. ఈడ వస్తేనే మొక్కు చెల్లినట్టు. ఆ పొద్దు ఇడ్లీలు పెట్టు. ఉపాసం నేను విడిపిస్తాను."

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన లెక్క వేసుకున్నాడు. ఒక పక్క పదకొండు అడుగులు, ఇంకో పక్క అంగుళమున్నర సూది. కానీ ఆ అంగుళమున్నరకు ముందు ఒక మైకు ఉంది. శనివారమంతా దుకాణం బోర్డు కింద నిలబడి దాన్నే చూస్తూ ఉన్నాడని ఎదురు షాపతను తర్వాత చెప్పాడు.

ఆదివారం కల్యాణ మండపం నిండిపోయింది. పది మంచాలు వేశారు. మొదటిదానికి మురళీధరన్ పూలమాల కట్టించాడు, ఎప్పటిలాగే అధ్యక్షుడు దండం పెట్టి పక్కకు జరుగుతాడని. గోడ మీద పెద్ద ఫ్లెక్సు, మేం ఫొటో ఇవ్వకపోయినా వాళ్ళ నాన్న పాత ఫిలిం వెతికి అదే ఫొటోతో వేసింది. అడుగులిచ్చిన పది మందికీ ముందు వరసలో కుర్చీలు. మా అమ్మ వాళ్ళ పక్కనే కూర్చుంది. ధర్మలింగం మామ పంబతో సహా వచ్చాడు. ఎందుకు తెచ్చాడో ఎవరూ అడగలేదు, ఆయన ఎక్కడికి పోయినా దాన్ని తెస్తాడు.

మా ఆయన రెండు ఇడ్లీలు తిన్నాడు. మూడోది మింగుడు పడలేదు. మైకు దగ్గరికి పోయాడు. వంటవాళ్ళు అప్పుడే పెద్ద గుండిగల్లాంటి బిరియానీ అండాలు దించుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా నిలబడ్డాడు.

"అందరికీ వణక్కం. ఆ ఫొటోలో అలగు లేదు," అన్నాడు. "అది రెండు ముక్కలు. లోపల క్లిప్పు. శూలం చూసి నేను పడిపోయినాను. సూదన్నా పడిపోతాను. ఈ మాల కూడా సూదికి భయపడే వేసుకున్నా. పదకొండు అడుగులు నా వల్ల కాదు. దాని బదులు ఈ మంచం మీద పండుకుంటానని మొక్కు మార్చుకుంటుండాను. మీరంతా సాక్షి."

చెప్పి మైకు తుడిచి పెట్టాడు, దానికేదో అంటినట్టు.

మురళీధరన్ ఫ్లెక్సు కేసి చూస్తున్నాడు. ఆ ఫొటో తీసింది వాళ్ళ నాన్న. ఎవరో వెనక నవ్వారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ముందుగా మాట్లాడింది తణికాచలం అన్న.

"అదంతా సరి. మా అడుగులేమయినట్టు?"

మిగతావాళ్ళు కూడా అదే అన్నారు. ఒక్కొక్కరూ ఊరంతా చెప్పుకుని ఇచ్చిన అడుగులవి. అరుణాచలం అయితే తన అడుగు సరిగ్గా కుడి చెంప పక్కన వచ్చేదని ఇంట్లో చెప్పి వచ్చాడంట.

ధర్మలింగం మామ పంబ మీద ఒక్క దెబ్బ కొట్టాడు. అందరూ ఆగిపోయారు.

"అడుగులు యాడికీ పోలేదు నాయనా. అలగు ఒక మనిషి మొయ్యలేడు, అందరూ పట్టాల. ఎవురి అడుగు వాళ్ళు వచ్చి ఈ మంచాల మీద పండుకోని ఇచ్చేయండి. తణికాచలానికి రెండు. కుడి చెయ్యి ఒకటి, ఎడమ చెయ్యి ఒకటి."

మొదటి వరసలో అప్పటిదాకా ఆరోగ్యంగా కూర్చున్న పది మందికీ ఒక్కసారిగా ఏమయిందో తెలియదు. తణికాచలం అన్న సుగరు, బీపీ, స్టెంటు ఎటూ ఉన్నవే. దేవేంద్రన్ పోయిన నెల పన్ను పీకించుకున్నానని నోరు తెరిచి చూపించాడు. అందులో అన్ని పళ్ళూ ఉన్నాయి. అరుణాచలం పొద్దున్నుంచి ఏమీ తినలేదన్నాడు. అతని మీసం మీద ఇంకా కొబ్బరి చట్నీ ఉంది. ఇంకొకతను తన బరువు చాలదేమో చూడమన్నాడు. అతను కూర్చున్న కుర్చీ పక్కకు వంగి ఉంది. ఎదురు షాపతను మాత్రం ఏమీ అనకుండా, గోడ మీది గడియారం సరిచేయాలన్నట్టు దానికేసి చూస్తూ కూర్చున్నాడు.

మా ఆయన ఒక్కొక్కరి ముఖం చూశాడు. మూడు వారాలుగా తాను చదివిన కాగితాన్నే వీళ్ళంతా బట్టీ పట్టి అప్పజెప్తున్నారని ఆయనకు తెలిసిపోయింది. మాల వేసుకున్నాక మొదటిసారి నవ్వాడు. నవ్వుతూనే పోయి మొదటి మంచం మీది పూలమాల తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు.

అయితే పని అంతటితో అయిపోలేదు. నర్సు కలైవాణి ముందు వేలికొసన చిన్నగా గుచ్చి చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఆ గండం దాటాడు. రక్తం బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుంది. తర్వాత నాడి పట్టుకుని గడియారం చూసి, తల అడ్డంగా ఊపింది. నూట ఇరవై నాలుగు. వంద లోపు లేకపోతే తీసుకోకూడదంట.

మూడు వారాలు తప్పించుకోవడానికి ఏ దారి దొరక్క తిరిగిన మనిషికి ఇప్పుడు ఆ దారి ఎదురొచ్చి నిలబడింది. లేచి పోవచ్చు. పోతే ఎవరూ తప్పనరు.

"ఇచ్చేదానికే వచ్చినాను కదమ్మా. ఇంకోసారి చూడు," అన్నాడాయన.

ఆ మాటకు ధర్మలింగం మామకు పూనకం వచ్చినంత పనయింది. వెట్రివేల్ మురుగనుక్కు అని తమిళంలో జయం పలుకుతూ పంబ అందుకున్నాడు. జనం అరోహరా అన్నారు. నర్సు మళ్ళీ నాడి చూసింది. నూట ముప్ఫై ఎనిమిది. పంబ ఎత్తుకుని బయటికి పోకపోతే తామే మంచాలు ఎత్తుకుని తిరువళ్ళూరు పోతామని ఆ అమ్మాయి తమిళంలో గట్టిగా చెప్పింది. మామను బిరియానీ అండాల వైపు పంపించారు.

పది నిమిషాలు చూస్తామన్నారు. మంచి మాట ఏది చెప్పినా ఆయన నాడి పెరుగుతోంది. ధైర్యంగా ఉండన్నా అని మురళీధరన్ అన్నప్పుడు మరీ పెరిగింది. అప్పుడు నాకు మా ఆయన వాళ్ళ నాన్న మగ్గం గుర్తొచ్చింది. పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి, వేళ్ళకు బూడిద రాసుకుని మెలిపెట్టి అతకాలి. వేల పోగులు, ఒక్కొక్కటీ. చిన్నప్పుడు ఇంట్లో ఏ గొడవ జరిగినా ఈయన మగ్గం గుంటలో దిగి ఆ పని చేస్తూ కూర్చునేవాడని మా అత్త చెప్పేది. ఇప్పటికీ దుకాణంలో బేరాలు లేనప్పుడు తువ్వాలు కొసలు ముళ్ళేస్తూ కూర్చుంటాడు.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, ఒక కొస పళ్ళతో కొరికి పోగులు విడదీశాను. నుదుటి విభూతి కొంచెం ఆయన కుడిచేతి వేళ్ళకు రాశాను. పోగులు చేతిలో పెట్టాను.

"ఇవి అతకండి," అన్నాను.

ఆయన నాకేసి చూశాడు. తర్వాత పోగులకేసి చూశాడు. బొటనవేలు, చూపుడువేలు వాటంతట అవే కదిలాయి. ఒక పోగు, దానికి ఇంకో పోగు, ఒక మెలిక. నెమ్మదిగా వెనక్కి వాలాడు. ఎడమ చెయ్యి ఎవరిదో అయినట్టు పక్కన వదిలేశాడు. కలైవాణి నాడి చూసి నాకు కళ్ళతోనే చెప్పింది. తొంభై నాలుగు.

ఇరవై పోగులు అయ్యాక ఆయన కళ్ళెత్తకుండానే అడిగాడు. "ఎప్పుడు గుచ్చుతారు?"

సంచీ అప్పటికే సగం నిండింది. ఆ మాట చెప్తే మళ్ళీ ఏమవుతుందోనని, ఇంకొంచెం సేపు అన్నాను. పడుగు సాగింది.

మా అమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి మంచం పక్కన నిలబడింది. కాసేపు చూసి, మురళీధరన్‌ను పిలిచి, నాదొక అడుగు రాసుకో అంది. అలగే లేదు కదా, ఇప్పుడెందుకని అతను అడిగాడు.

"చూసి ఇస్తానన్నా కదా. చూసినా," అంది. తర్వాత నాతో, ఆయనకు వినబడేలాగే అంది. "ఆ క్లిప్పు సంగతి నాకు పెండ్లి చూపులప్పుడే తెలుసు. ధర్మలింగం చెప్పినాడు."

నేను ఆమె వైపు తిరిగాను. "తెలిసి కూడా ఎట్ల ఇచ్చినావమ్మా?"

"సూదిని చూసి పడిపోయేవాడు పెండ్లాం మీద చెయ్యెత్తడు. మీ నాయన నిజంగా తొమ్మిది సార్లు అలగు గుచ్చుకున్నాడు. తెలుసు కదా నీకు."

తెలుసు. ఆ ఇంట్లోనే కదా నేను పెరిగింది. మా ఆయన వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మళ్ళీ పోగు అందుకున్నాయి.

సంచీ నిండి, దూది పెట్టి చెయ్యి మడిచాక గానీ ఆయనకు అయిపోయిందని తెలియలేదు. తెలిశాక మాత్రం పడిపోయాడు. మంచం మీదే ఉన్నాడు కనక దూరం ఎక్కువ లేదు. రెండు నిమిషాల్లో లేచి, తీపి రసం తాగి, తన తర్వాత ఎవరని అడిగాడు. అప్పుడు ఎదురు షాపతను గడియారం మీంచి కళ్ళు దించి, చొక్కా చెయ్యి మడుచుకుంటూ రెండో మంచం దగ్గరికి పోయాడు. పోతూ పోతూ మా ఆయనను ఆ తువ్వాలు ఇటియ్యమన్నాడు. ఇరవై ఏళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మొదటి మాట అది.

మొత్తం నలభై నాలుగు యూనిట్లు వచ్చాయి. మణవాళనగర్ వాళ్ళను దాటలేదు. ముందు వరసలో ఐదుగురు పడుకున్నారు. దేవేంద్రన్ పన్ను అప్పటికప్పుడు నయమైపోయింది. ఫెలోషిప్‌లో బిరియానీ బాగా కుదిరింది. మాల మీద ఉన్నాడు కనక మా ఆయన పెరుగన్నం తిన్నాడు. గురువారం పూల కావడి ఎత్తుకుని మూడు వందల అరవై అయిదు మెట్లూ ఎక్కాడు. ఎవరూ చెంపలకేసి చూడలేదు.

షాపులవాళ్ళు అడుగుల డబ్బు వెనక్కి అడగలేదు. ఐస్ పెట్టె వచ్చింది. దాన్ని ఎలా ప్రారంభించాలో సంఘానికి చాలా రోజులు తోచలేదు. మొదట అధ్యక్షుడే అన్న ఆచారం దీనికి వర్తించదని మాత్రం ఏకగ్రీవంగా తీర్మానం చేశారు.

దుకాణం బోర్డు మార్చాలని ఆయన అనుకున్నాడు. పెయింటరు వచ్చి, అలగు తీసేస్తే మిగిలిన పేరు పక్కకు ఒరిగినట్టు ఉంటుందన్నాడు. అలాగే వదిలేశారు. హాల్లో పాత ఫొటో కూడా తీయలేదు. దాని పక్కన మురళీధరన్ ఇచ్చిన కొత్తది పెట్టాం. అందులో మా ఆయన కళ్ళు మూసుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని, చేతిలో తువ్వాలు కొసతో పడుకుని ఉన్నాడు. చుట్టాలు వస్తే మా అమ్మ దాన్నే ముందు చూపిస్తుంది.

మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే ఆయన ఫోనుకు మెసేజి వచ్చింది. అద్దాలు పెట్టుకుని చదివి నాకిచ్చాడు. రక్తం ఇచ్చి మూడు నెలలు అయినందుకు శుభాకాంక్షలు, మీరు మళ్ళీ ఇవ్వడానికి అర్హులు అని ఉంది.

ఫోను తిరిగి ఇచ్చాను. ఆయన దాన్ని స్టూలు మీద బోర్లా పెట్టాడు. కాసేపు కిటికీ బయట నల్లకుక్కను చూశాడు. అది తోక ఊపింది. అప్పుడు భుజం మీది తువ్వాలు ఒళ్ళోకి లాక్కుని, కొస వెతికి, ఒక పోగు విడదీశాడు.